ఉపేక్షణీయం

మాణిక్యాంబగారు తిన్నగా కూర్చోవడం మానేశారు. అత్తగారి మీద హైమకి పాతికేళ్ళుగా పేరుకున్న ఫిర్యాదులు చాలానే ఉన్నాయి. పప్పులో ఇంగువ తగ్గిందని కోడలితో కాకుండా పక్కింటావిడతో చెప్పడం, టీవీ రిమోటు దిండు కింద పెట్టుకుని నిద్రపోవడం, కోడలు నడుం వాల్చిన మరుక్షణం వంటింట్లో ఏదో ఒక గిన్నె పడెయ్యడం, ఇవన్నీ పాతవి. ఈ ఎడమవైపు ఒరగడం మాత్రం కొత్తది. వీధిగదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే ఎడమ భుజం కిందికి, కుడి భుజం పైకి. చూసేవాళ్ళు ముందు కుర్చీని అనుమానించేవాళ్ళు. కుర్చీ మార్చారు. కొత్త కుర్చీ కోడు కింద అట్టముక్క పెట్టారు. అట్టముక్క మీద కూడా ఆవిడ అంతే నిష్ఠగా ఒరిగారు.

కుడివైపు ఉన్న వంటింటిని చూడడం ఇష్టం లేకనే ఆవిడ అటు ఒరుగుతున్నారని హైమ కొన్నాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మింది.

"ఎవరో భుజం మీద చెయ్యేశారే అమ్మాయ్. తియ్యడం లేదు," అనేవారావిడ.

"ఎవరత్తయ్యా?"

"ఎవరో తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను? వాళ్ళనే అడిగేదాన్ని."

కొడుకుతో చెబితే, విశ్వపతి పేపర్లోంచి తల ఎత్తకుండానే "వయసమ్మా," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, "కొద్దిగా ఒరుగుతోంది, అంతేగా. ఉపేక్షణీయం," అన్నాడు.

ఆ మాట అతనికి ఊతపదం. చిన్నదాన్ని లెక్కలోంచి వదిలెయ్యొచ్చు అనడానికి పాఠ్యపుస్తకాల్లో వాడతారు. అతను దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. హైమ మోకాలినొప్పి ఉపేక్షణీయం. పెళ్ళికి ముందు ఆమె ఫస్టు క్లాసులో ప్యాసైన బీఎస్సీ ఫిజిక్స్ ఉపేక్షణీయం. సాంబారులో ఉప్పు ఎక్కువైతే మాత్రం కాదు. అదొక్కటీ అన్ని దశాంశ స్థానాలతో సహా లెక్కలోకి వచ్చేది. పాతికేళ్ళ కాపురంలో "నాది పొరపాటు" అన్న మాట అతని నోటి వెంట ఆమె వినలేదు. ఒకసారి తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసేసినప్పుడు కూడా తాళానిదే తప్పన్నాడు.

ఊరి వంతెన దూలం కథ మొదలైంది వాగు అవతల మూతపడ్డ రైసుమిల్లులో. విశ్వపతి ఉద్యోగానికి ముందే స్వస్తి చెప్పి, ఆ మిల్లుని ప్రయోగశాల చేసుకున్నాడు. అప్పటికింకా వంతెన లేదు. చప్టా మీదుగా చుట్టూ తిరిగి హైమే క్యారియర్ తీసుకెళ్ళేది. ఒకరోజు వెళ్ళేసరికి బల్ల మీద ఒక ఇనుప కమ్మీ, దాని నడిమికి కింద కత్తి అంచులాంటి ఒక ఆనిక. కమ్మీ కుడివైపు పది కిలోల ఇత్తడి గుండు వేలాడుతోంది. ఎడమవైపు ఏమీ లేదు. అయినా కమ్మీ నీళ్ళు పోస్తే ఒలకనంత సమంగా నిలబడి ఉంది.

హైమ క్యారియర్ కింద పెట్టడం మర్చిపోయింది. "రెండో వైపు ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ కాదు. దూరం."

"దూరమంటే ఏ ఊరివాళ్ళు?"

అతనికి నవ్వు రాలేదు. అతని సహాయకుడు పద్మాకర్ మాత్రం గోడవైపు తిరిగి నవ్వుకున్నాడు. విశ్వపతి వేలితో కమ్మీ కుడి కొసని చూపించాడు. "ఇది ఇక్కడితో అయిపోయినట్టు నీకు కనిపిస్తుంది. అయిపోలేదు. నేను పెట్టిన యంత్రం దీన్ని సాగదీసింది. ఈ గోడ దాటి, వాగు దాటి, మన వీధి దాకా వెళ్ళి అక్కడ ఎక్కడో ఆనుకుంది. చేంతాడంత పొడుగు తూగుటుయ్యాల అనుకో. ఇక్కడ బరువు ఆనికకి జానెడు దూరంలో ఉంది. అక్కడి ఆధారమేమో కిలోమీటరు పైన. దూరం ఎంత ఎక్కువైతే అంత తక్కువ బలం చాలు. అక్కడ పడేది చిటికెడు ఆవాలంత."

"ఎవరి మీద?"

"భూమి మీద."

"భూమి మీద ఎక్కడ?"

"దానంతటదే వెతుక్కుంటుంది. ఒరిగితే తనే సర్దుకుని నిలబడే ఆధారం కావాలి దానికి. ఒకసారి పట్టుకుందంటే వదలదు. వదిలితే దూలం కూలుతుంది మరి." ఆ ఆఖరి మాట అతను గర్వంగా అన్నాడు.

"మరి కమ్మీకి బరువు లేదా?"

"సరిగ్గా మధ్యలో ఆనించాను కదా. ఈ సగం ఆ సగంతో చెల్లు. కమ్మీ బరువు లెక్కలోకి రాదు. బీఎస్సీలో చెప్పలేదా?"

చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకునే కదా ఆమె అడిగింది. గోంగూర చల్లారిపోతోందని చెప్పి వచ్చేసింది.

ఊరికి ఆ వాగు పెద్ద బెడద. అవతల కాలనీ పిల్లలు బడికి ఇవతలకి రావాలి. వానొస్తే చప్టా మునిగిపోతుంది. కిందటేడు ఇద్దరు పిల్లలు సైకిలుతో సహా కొట్టుకుపోతే సైకిలు మాత్రమే దొరికింది. ఊరివైపు ఒడ్డు ఒట్టి ఇసుక, ఏ స్తంభం వేసినా నిలవదు. అందుకే విశ్వపతి, వాగు నడుమ ఒకే ఒక్క స్తంభం మీద దూలం నిలబెట్టి మిగతాది దూరానికి వదిలేస్తానంటే అందరూ చేతులు జోడించారు. మనుషులు, సైకిళ్ళు, ఆటోలు వెళ్ళేంత వంతెన లేచింది. పన్నెండు టన్నుల దూలం, ఒక కాలి మీద కొంగలా నిలబడింది. ఫొటోలు తీసుకున్నారు. పిల్లలు తడవకుండా బడికొచ్చారు. దాన్ని మెచ్చుకోని మనిషి ఊళ్ళో లేడు, హైమతో సహా.

వంతెన దూలానికి యంత్రం మొదటిసారి వేసిన ఆ పొద్దున మాణిక్యాంబగారు కిటికీ దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. చేట ఉన్నట్టుండి ఎడమచేతిలోంచి జారి బియ్యమంతా నేలపాలైంది. కొత్త బియ్యం వండబోయానని కావాలనే చేశారని హైమ అనుకుంది. ఆవిడ ఒరగడం మొదలైంది ఆ రోజునే. కానీ ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

గుర్తుకొచ్చింది మేడ మీద బట్టలారేస్తున్నప్పుడు. కింద కిటికీ దగ్గర్నుంచి అత్తగారి గొణుగుడు వినిపిస్తోంది.

"లేపుతున్నారు... లేపుతున్నారు..."

హైమ దండెం మీంచి చూస్తే పొలాల అవతల వాగు, వాగు మీద గీతలా వంతెన. గీత మీద ఎర్రచీర మనిషి ఒకామె మిల్లువైపు నుంచి ఊరివైపు నడిచొస్తోంది. స్తంభం దాకా వచ్చింది. స్తంభం దాటింది. "ఆఁ, ఇప్పుడు నొక్కుతున్నారు," అని కింద నుంచి వినిపించింది.

"అత్తయ్యా, నొక్కుడు ఎప్పుడు మొదలైంది?"

"ఇప్పుడేగా చెప్పాను, చెవిలో దూది పెట్టుకున్నావా?"

హైమ తడిచీర చేతిలోనే పట్టుకుని నిలబడింది. కాసేపటికి ఒక ఆటో వంతెనెక్కింది. ఇది ఊరివైపు నుంచి అటు పోతోంది. కింద నుంచి "అబ్బా" అని మూలుగు. ఆటో స్తంభం దగ్గరపడే కొద్దీ మూలుగు తగ్గింది. స్తంభం దాటాక, "హమ్మయ్య, ఈ పాపిష్టివాడెవడో దిగాడు," అన్నారు మాణిక్యాంబగారు.

తర్వాత బడి వదిలారు. పిల్లలు గుంపుగా వంతెన మీదికి ఎక్కడం హైమ చూస్తూనే ఉంది. కింద అత్తగారి గొంతు మెత్తబడింది. "వీళ్ళు ఫరవాలేదే. చాలామందే గాని తేలిగ్గా ఉంటారు. గెంతుతారు, అంతే."

తడిచీర తడిగానే బకెట్లో పడేసి హైమ కిందికి దిగింది.

వంటింట్లో గ్లాసు బోర్లించి దాని మీద అప్పడాల కర్ర నడిమికి నిలబెట్టింది. నిలబడింది. కర్రని బొటనవేలంత పక్కకి జరిపింది. దాని మీద ఏమీ పెట్టలేదు. ఈగ కూడా వాలలేదు. పొడుగ్గా ఉన్న వైపు టక్కున ఒరిగి కిందపడింది.

అప్పుడు ఆమెకి ఒక భోజనం గుర్తొచ్చింది. వంకాయకూర రోజు. విశ్వపతి రెండోసారి వడ్డించుకుంటూ, వాగు నడుమ తవ్వితే బురద తగిలిందనీ, మేస్త్రీ స్తంభాన్ని మిల్లువైపు మీటరున్నర జరిపాడనీ, అదేం పెద్ద విషయం కాదనీ చెప్పాడు. ఉపేక్షణీయం అనే ఉంటాడు. ఆ మాటని ఆమె చెవి ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది, గోడగడియారం టిక్కుటిక్కులాగ.

దూలం నడిమిన ఆనితే దాని బరువు ఆనిక మీదే పడి చెల్లిపోతుంది. మీటరున్నర జరిపితే, పన్నెండు టన్నులూ ఊరివైపు మీటరున్నర దూరంలో ఎవరో గుండు వేలాడదీసినట్టే. బరువుని దూరంతో హెచ్చవెయ్యాలి. కాలేజీలో దాన్ని భ్రామకం అనేవాళ్ళు. ఇవతల హెచ్చవేస్తే ఎంతొస్తుందో అవతలా అంతే రావాలి. అవతలి దూరం వంతెన నుంచి ఇంటికి, పన్నెండు వందల మీటర్లు. హైమ నేల మీద వేలితో భాగించింది. పదిహేను వచ్చింది. మళ్ళీ భాగించింది. మళ్ళీ పదిహేనే. పదిహేను కిలోలు.

మూలనున్న ఖాళీ గ్యాసు సిలిండర్ వైపు చూసింది. అదీ ఇంచుమించు అంతే ఉంటుంది. దాన్ని ఆవిడ ఎడమ భుజం మీద పెట్టి, పగలూ రాత్రీ, నిద్రలో కూడా దించకుండా ఉంచారు. వచ్చే పోయే జనం దాని పైన అదనం. హైమేమో కుర్చీ కింద అట్టముక్కలు పెడుతూ కూర్చుంది.

మర్నాడు పొద్దున విశ్వపతికి సన్మానం. వంతెన మీదే, ఊరివైపు కొసన షామియానా వేశారు. అతను పట్టుపంచె కుచ్చెళ్ళు సర్దుకుంటుంటే హైమ ఇడ్లీ ప్లేటుతో ఎదురుగా నిలబడి అంతా చెప్పింది.

"అమ్మకి ఎనభై రెండు. ఎముకలు గుల్లబారతాయి. దాన్ని తెచ్చి నా దూలానికి ముడిపెట్టకు."

"ఆటో స్తంభం దాటగానే ఆవిడకి తెలుస్తోందండీ. నేను కళ్ళారా చూశాను."

"కాకతాళీయం."

"పోనీ, ఆ మీటరున్నర మాటేమిటి? మిల్లులో కమ్మీ నడిమిన ఉంది. ఇక్కడ దూలం నడిమిన లేదు. దాని సొంత బరువు ఎక్కడికి పోయింది?"

చట్నీలో ముంచిన ఇడ్లీ ముక్క గాల్లోనే ఆగింది. ఒక్క క్షణం అతని మొహంలో ఏదో కదిలింది. మళ్ళీ సర్దుకుంది. "ఇరవై నాలుగు మీటర్ల దూలంలో మీటరున్నర ఉపేక్ష..." అంటూ ఆమె కళ్ళు చూసి, "ఫంక్షనయ్యాక చూద్దాంలే," అని ముక్క నోట్లో పెట్టుకున్నాడు. పోతూ పోతూ గుమ్మంలో ఆగాడు. "పదకొండింటికల్లా అమ్మని తీసుకురా. స్టేజి మీద కుర్చీ వేయించాను."

"ఆవిణ్ణి ఇంట్లోనే ఉండనివ్వండి."

లోపల్నుంచి మాణిక్యాంబగారు అందుకున్నారు. "నా కొడుక్కి శాలువా కప్పుతుంటే నేనింట్లో వంకరగా కూర్చోవాలా? అక్కడికే వెళ్ళి వంకరగా కూర్చుంటాను. ఆ చిలకాకుపచ్చ పట్టుచీర తీ."

హైమ చీర తీసింది. ఇంట్లో ఉన్నా అదే బరువు, అక్కడున్నా అదే బరువు, చూసి సంతోషిస్తారు కదా అనుకుంది. ఆ మాట తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో.

ఆటో ఇస్మాయిల్‌ది. ఆ వీధివాళ్ళకి అలవాటైన మనిషి. మాణిక్యాంబగారు ఎడమ పక్కన కూర్చున్నారు. రైతుబజారు దగ్గర ఆవిడ మాటలు ఆగిపోయాయి. పెట్రోలు బంకు దగ్గర హైమ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"బరువెక్కుతోందే."

"ఎండకి అత్తయ్యా. వచ్చేశాం."

"ఎండ కాదే..."

"అమ్మగారూ, కాస్త ఇటు జరగండి, బండి ఒరుగుతోంది," అన్నాడు ఇస్మాయిల్, అద్దంలో చూస్తూ. "ఎడమ టైర్లో గాలి దిగినట్టుంది."

టైర్లో గాలి బాగానే ఉంది. హైమ కూర్చున్న సీటు కుడివైపు లేచి, ఎడమవైపు కుంగిపోతోంది. అటు కూర్చున్నది చిక్కి సగమైపోయిన ముసలావిడ. వాగు వైపు నుంచి డప్పుల మోత దగ్గరవుతోంది. జనం అప్పటికే వంతెన మీద ఉన్నారు, ఊరివైపు కొసనే, కిక్కిరిసి.

అప్పుడు అర్థమైంది హైమకి. నిన్న పన్నెండు వందలతో భాగించింది. ఇల్లు కదలదు కాబట్టి పన్నెండు వందలు. కానీ ఆ దూలం పట్టుకున్నది ఇంటిని కాదు. పట్టుకున్నది కదులుతోంది, ఆటోలో, పట్టుచీర కట్టుకుని, దూలం వైపే. దూరం సగమైతే బరువు రెట్టింపు. పావైతే నాలుగింతలు. ఐసు ఫ్యాక్టరీ దాటేశారు. అంటే ఇంక పావు కూడా లేదు.

"తిప్పు! ఇస్మాయిల్, వెనక్కి తిప్పు!"

"ఫంక్షన్ అటే కదమ్మా..."

"తిప్పమన్నానా!"

అతను తిప్పేలోపు ఆవిడ ఒంట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. ఎండుకొమ్మ విరిచినట్టు, చిన్నగా. మాణిక్యాంబగారు అరవలేదు. నోరు తెరిచారు, అంతే. హైమ తన రెండు చేతులూ ఆవిడ భుజం కింద పెట్టి, మోకాళ్ళ మీద నిలబడి, మూటలు ఎత్తేవాడిలా పైకి ఎత్తి పట్టుకుంది. తన చేతులు చిట్లుతాయనుకుంది. ఆటో వెనక్కి, ఊళ్ళోకి, ఊరు దాటి అవతలి ఆసుపత్రి రోడ్డు మీదికి పరిగెత్తింది. పెట్రోలు బంకు దగ్గర సగం భారం తగ్గింది. రైతుబజారు దగ్గర ఇంకా తగ్గింది. ఇంటి ముందు నుంచి వెళ్ళిపోయారు, ఆగలేదు. ప్రతి ఫర్లాంగుకీ చేతుల మీది బరువు కొంచెం కొంచెం దిగుతోంది. దూరం ఇంత దయగలదని హైమకి అంతవరకూ తెలీదు.

ఎక్స్‌రే ఎత్తి పట్టుకుని డాక్టరు చాలాసేపు చూసింది. ఆమె చిన్నపిల్ల, కొత్తగా వచ్చినట్టుంది. "వెన్నులో మూడు పూసలు నలిగిపోయాయి. బస్తాలు మోసేవాళ్ళలో కూడా ఇలా చూడలేదు. ఏం మోయించారీవిడ చేత?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. ఇక లేచి కూర్చోవడం ఉండదంది.

విశ్వపతి శాలువాతోనే వచ్చాడు. మెళ్ళో దండ కూడా తీయలేదు. మంచం దగ్గరికి రాగానే ఎక్స్‌రే చేతిలోకి తీసుకున్నాడు. "చూశావా, ఎముకలు ఎంత పల్చబడ్డాయో. నేను చెబుతూనే..."

"మీ చెయ్యి ఇలా ఇవ్వండి," అంది హైమ.

"ఎందుకు?"

ఆమె అతని మణికట్టు పట్టుకుని, అరచెయ్యి అతని తల్లి ఎడమ భుజానికీ పరుపుకీ మధ్యకి తోసింది. అతను వెనక్కి లాక్కోబోయి ఆగాడు. ఆవిడ కళ్ళు మూసుకుని, కదలకుండా పడుకుని ఉన్నారు. అయినా అతని అరచేతి మీద ఏదో కొడుతోంది. టక్కు టక్కు టకటక. ఆగి, మళ్ళీ టక్కు టక్కు టకటక.

అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. హైమే తీసి స్పీకరు నొక్కింది. పద్మాకర్ గొంతు అరుస్తోంది. "సార్, ఎక్కడికెళ్ళారు? జనం మీకోసం చూస్తున్నారు!" అతని వెనక, వంతెన మీద, డప్పులు. జనం చిందులు వేస్తున్నారు. టక్కు టక్కు టకటక.

ఫోన్లో వినిపిస్తున్నదీ, అరచేతిలో తగులుతున్నదీ ఒక్కటే తాళం.

విశ్వపతి మొహంలో రంగు దిగిపోవడం హైమ చూసింది. పాతికేళ్ళలో ఎన్నోసార్లు ఆ మొహం అలా అవ్వాలని కోరుకుంది. ఇప్పుడు చూడలేక ఎక్స్‌రే వైపు తిరిగింది.

"పద్మాకర్, అందర్నీ దించెయ్. వంతెన మీద ఒక్కరు కూడా ఉండకూడదు."

"ఎందుకు సార్? ఏమని చెప్పమంటారు?"

"ఏదో... సాంకేతిక కారణమని చెప్పు."

అవతల మైకులో పద్మాకర్ చెప్పడం, జనం గొణగడం, డప్పులు ఒక్కొక్కటీ ఆగిపోవడం ఆ చిన్న గదిలోకి వినిపించాయి. మంచం మీద మాణిక్యాంబగారి నుదుటి ముడి మెల్లగా వీడింది. కళ్ళు తెరిచారు.

"దిగుతున్నార్రా," అన్నారు, గాలి అందని గొంతుతో. "సగం దిగిపోయింది."

"యంత్రం ఆపెయ్యండి," అంది హైమ, నెమ్మదిగా.

"ఆపితే వదలదు, విరుస్తుంది. పన్నెండు టన్నులూ ఒక్కసారిగా... అమ్మ తట్టుకోదు." అతను గోడకి చెబుతున్నట్టు మాట్లాడాడు. "ముందు దూలం కింద రెండో స్తంభం లేవాలి. ఆ ఇసుకలో... నెలలు పడుతుంది. అప్పటిదాకా అమ్మే..."

"అప్పటిదాకా ఈవిడ బతకాలన్నమాట," అంది హైమ. "లేకపోతే అదీ కూలుతుంది."

అతను తల ఊపాడు. అరచెయ్యి ఇంకా తల్లి భుజం కిందే ఉంది. తియ్యలేదు.

"ఒరేయ్ విశ్వం," అన్నారు మాణిక్యాంబగారు. "ఇంకా ఎవరో ఉండిపోయార్రా పైన. కదలకుండా కూర్చున్నారు. వాళ్ళని కూడా దించమను, నాన్నా. పుణ్యముంటుంది."

"ఇంకెవరూ లేరమ్మా."

"ఉన్నార్రా. నాకు తెలీదా? మొదట్నుంచీ ఉన్నది వాళ్ళే."

ఫోన్లో పద్మాకర్ ఇంకా లైన్లోనే ఉన్నాడు. "సార్, వంతెన ఖాళీ. జనం ఒడ్డునే నిలబడి అడుగుతున్నారు. మైకు నా చేతిలోనే ఉంది, ఫోను పక్కనే. ఏం చెప్పమంటారు?"

విశ్వపతి ఫోను వైపు చూశాడు. హైమ దాన్ని ఆపలేదు. అతని వైపు ఇంకొంచెం జరిపింది. అతను ఖాళీగా ఉన్న చేత్తో మెళ్ళో దండ తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక, మంచం కిందికి వదిలాడు.

"అది మనిషి కాదమ్మా. దూలం," అన్నాడు. బయటికే అన్నాడు, అవతల మైకులో ఒడ్డు మీద జనానికి కూడా వినిపించేలా. "దూలానికీ బరువుంటుంది. నేను లెక్కలో వెయ్యలేదు. హైమ చెప్పినా వెయ్యలేదు. తప్పు నాదమ్మా."